అగ్నిమాపకశాఖకు నాయకులు

2023వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు రాష్ట్రములలోని అగ్నిమాపకశాఖలను విస్తరించి నవీకరించుటకై 5,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించిరి. వ్యయములో నాలుగవ వంతు రాష్ట్రములు భరింపవలెననియు, ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము పదియవ వంతు చాలుననియు నిర్ణయించిరి. మొత్తములో 500 కోట్లను, శాసనములను ఏర్పాటులను సంస్కరించుకొనిన రాష్ట్రములకు ప్రోత్సాహకముగ ప్రత్యేకించిరి. చిరకాలము అనాదరమునకు గుఱియైన శాఖకు ఇంతటి ధనము లభించుట సంతోషింపదగిన విషయమే. కాని ధనము దేనిని కొనగలదు, దేనిని కొనలేదు అను విచారణ యీ సందర్భమున ఆవశ్యకము. ధనముతో ఫైరింజనులను కొనవచ్చును. ఎత్తైన నిచ్చెనలను, పొగలో ఊపిరి నిలుపు పరికరములను కొనవచ్చును. స్టేషనులకు భవనములు కట్టవచ్చును. మండుచున్న మేడయెదుట నిలిచి, ఎవ్వరు లోపలికి పోవలెనో, ఎవ్వరు తక్షణమే వెలుపలికి రావలెనో రెండు నిమిషములలో తేల్చి ఆజ్ఞాపింపగల మనుష్యుని మాత్రము ఏ అంగడిలోను కొనలేము. అట్టివానిని మఱియొక శాఖనుండి యెరువు తెచ్చుకొనుటయు కుదరదు. ఇరువదియేండ్లు శ్రమించి పెంచుకొనవలసినదే. ఈ పెంపకమునే మన రాష్ట్రములు మఱచినవని మా యభిప్రాయము.

నాయకత్వలోపము వలన నెట్టి యనర్థము కలుగునో తెలియగోరువారు బొంబాయి రేవును జ్ఞాపకము చేసికొనవలెను. 1944వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన విక్టోరియా డాకులో నిలిచియున్న ఫోర్టు స్టికిన్ అను ఓడలో నిప్పు పుట్టెను. ఆ యోడలో సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములును, వానితోపాటు వేలకొలది పత్తి బేళ్లును ఉండెను. అగ్నిమాపకదళమువారు వచ్చిరి, ఓడపైకెక్కిరి, నీరు కొట్టిరి. సాయంకాలము 4 గంటలు దాటి మొదటి ప్రేలుడు సంభవించువఱకు ఆలోచించుటకు కొంత వ్యవధి లేకపోలేదు. ఓడను అక్కడనే ముంచివేయవలెనా, రేవు వెలుపలికి లాగించవలెనా, నిలిచినచోటనే నిప్పునార్పవలెనా యని ఓడవారును, రేవు అధికారులును, సైనికశాఖవారును తలకొక తీరున తలపోసిరి. అందఱకును ఆజ్ఞాపింపగల యధికారి యొక్కడును లేకపోయెను. నిర్ణయము కాకమునుపే ఓడ బ్రద్దలయ్యెను. వందలకొలది జనులు మరణించిరి. అగ్నిమాపకదళమునకు చెందినవారు 66 మంది తమ కర్తవ్యమును నెరవేర్చుచు ప్రాణములు విడిచిరి.

వారి స్మృతికై ఏటేట ఏప్రిలు 14వ తేదీన దేశమంతటను అగ్నిమాపకదినమును, అది మొదలు 20వ తేదీవఱకు వారోత్సవములను జరుపుకొనుచున్నాము. ఊరేగింపులు జరుగుచున్నవి, ఉపన్యాసములు జరుగుచున్నవి, బడిపిల్లలకు నిప్పునార్పు విధము చూపబడుచున్నది. వీరుల ధైర్యమును స్మరించుట మన ధర్మము. అయినను ఆ దినమున బొంబాయిలో లోపించినది ధైర్యము కాదనుటను ఉపన్యాసకులు మఱచుచున్నారు. ఒక్క కంఠమునుండి వెలువడి పదిమందియు శిరసావహించు నాజ్ఞ అచ్చట లోపించినది. ఇన్ని యేండ్లు గడచినను, ఆ పాఠమును మనము పూర్తిగ నేర్చుకొంటిమా యని ప్రశ్నించుకొనవలసియున్నది.

అగ్నిమాపకము కేవలము సాహసకార్యమనియు, కండబలము గలవారు నలుగురు, నీరు, గొట్టము ఉన్నచో చాలుననియు చాలమంది భావింతురు. ఇది యొక వృత్తియనియు, వైద్యమువలె న్యాయవాదమువలె దీనికిని ఒక శాస్త్రము, ఒక శిక్షణక్రమము కలవనియు మొదట నిరూపించినవారిలో అగ్రగణ్యుడు జేమ్సు బ్రెయిడువుడ్డు. 1824లో స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో దళమును స్థాపించినపుడు ఇరువదినాలుగేండ్ల యువకునికి దాని యాధిపత్యమిచ్చిరి. అతడు వడ్రంగులను, తాపీపనివారిని, ఇండ్లపై పలకలు కప్పువారిని ఏరుకొని చేర్చుకొనెను. ఇల్లు కట్టుట యెఱిగినవాడే అది యెట్లు కూలునో యెఱుగునని అతని యూహ. తెల్లవాఱకమునుపే చీకటిలో వారిచేత అభ్యాసము చేయించెను. దూరమునుండి నీరు చల్లుట వ్యర్థమనియు, లోపలికి పోయి నిప్పు మూలమును పట్టవలెననియు, ఒంటరిగ నెవ్వడును లోనికి పోరాదనియు బోధించెను. తన యనుభవమును 1830లో గ్రంథరూపమున ప్రకటించెను. 1833లో లండను దళమునకు అధిపతియయ్యెను. 1861వ సంవత్సరము జూను 22వ తేదీన టూలీ వీథిలోని గిడ్డంగులు తగులబడుచుండగా, తన మనుష్యుల చెంతకు పోయి, కూలిన గోడక్రింద పడి మరణించెను. నాయకుడు పనివానిగ పుట్టి, గురువుగ పెరిగి, తనవారి నడుమనే నిలువవలెనను సంప్రదాయమునకు అతడు మూలపురుషుడు.

నాయకునకు జ్ఞానమున్నంతమాత్రమున చాలదు. అనుచరులకు ఆతనియందు విశ్వాసముండవలెను. ఇందులకు అమెరికాలోని మోంటానా రాష్ట్రమున జరిగిన యొక సంఘటన ప్రబలమైన సాక్ష్యము. 1949వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన మాన్ గల్చ్ అను లోయలో ఎండుగడ్డి నంటుకొని అడవిమంట దళముపైకి దూసికొనివచ్చెను. నాయకుడైన వాగ్నర్ డాడ్జి, పరుగెత్తి తప్పించుకొనుట అసాధ్యమని గ్రహించి, తన ముందున్న గడ్డికి తానే నిప్పంటించి, అది కాలిపోయిన నేలపై పండుకొనుడని అనుచరులను పిలిచెను. కాలిన చోటికి మంట మరల రాదుకదా! కాని అట్టి యుపాయమును వారెన్నడును నేర్చినవారు కారు. అతనికిని వారిలో పలువురకును కలిసి పనిచేసిన పరిచయము స్వల్పము. ఆయన మాట వారికి పిచ్చివాని మాటవలె తోచెను. వారు కొండపైకి పరుగిడిరి. 13 మంది మరణించిరి, డాడ్జి బ్రదికెను. అమెరికావారు దీనిని విధివిలాసమని విడువక, ఇట్టి ప్రమాదములను పరిశీలించి 1957లో పది నియమములను ఏర్పఱచిరి. 1970లో కాలిఫోర్నియాలోని మహాగ్నులయందు పలు శాఖలవారు పలు విధముల పనిచేసి కలవరపడగా, అట్టి స్థలమున పెత్తనము ఎవ్వరిదో, ఎవ్వరు ఎవ్వరికి చెప్పవలెనో నిర్ణయించు పద్ధతిని కల్పించుకొనిరి. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థయు 2010లో అట్టి పద్ధతినే మార్గదర్శకములుగ ప్రకటించినది. ప్రకటించుట సులభము, ప్రతి స్టేషనులోను అది అలవాటుగ మాఱుట కష్టము.

మన తెలుగునాట నిప్పు స్వభావమే మాఱిపోయినది. పూర్వము తాటియాకు పాకలు, గడ్డివాములు, తిరునాళ్లలోని పందిళ్లు కాలుచుండెడివి. నీరు చాలినంత యున్న, జనము పోగైన, మంట యణగెడిది. నేడట్లు కాదు. 1997వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్టణములోని హిందుస్థాన్ పెట్రోలియము శుద్ధికర్మాగారమున వంటగ్యాసు నిలువలు ప్రేలి అనేకులు బలియైరి. 2014 జూను 27వ తేదీన కోనసీమలోని నగరము గ్రామమున గ్యాసు గొట్టము పగిలి, తెల్లవాఱుజామున ఇండ్లు, కొబ్బరితోటలు దగ్ధమయ్యెను. 2020 ఆగస్టు నెలలోనే విజయవాడలో రోగులను ఉంచిన హోటలులో 10 మందియు, శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున 9 మందియు మరణించిరి. 2022 సెప్టెంబరులో సికిందరాబాదున ఒక హోటలు క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన పొగ పైయంతస్తుల కెక్కి 8 మందిని పొట్టనబెట్టుకొనెను. 2025 మే 18వ తేదీన హైదరాబాదు గుల్జార్ హౌజ్ చెంత నొక పాత యింటిలో 17 మంది, పసిబిడ్డలతో గూడ, అసువులు బాసిరి. గ్యాసు, బ్యాటరీ, రసాయనము, భూగర్భ సొరంగము, ఇఱుకు మెట్ల పాతయిల్లు — ఒక్కొక్కటి ఒక్కొక్క శాస్త్రము. నీరు కొట్టవలసిన నిప్పు వేఱు, నీరు తగులరాని నిప్పు వేఱు. ఇంతటి వివేకము పుస్తకముచేత కొంతయు, అనుభవముచేత మిగిలినదియు రావలెను.

అట్టి యనుభవమును మన శాఖ యెట్లు పోషించుచున్నది? మన రెండు రాష్ట్రములలోను అగ్నిమాపకము రాష్ట్రప్రభుత్వశాఖగనే యున్నది. 1992 నాటి 74వ రాజ్యాంగసవరణము దీనిని పురపాలకసంఘముల కప్పగింపదగిన విషయములలో చేర్చినను, మన యేర్పాటు మాఱలేదు. 1999 నాటి శాసనమే ఉభయరాష్ట్రములకును ఆధారము. శాఖలో ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, స్టేషను ఫైర్ ఆఫీసరు, ఆపై జిల్లా అధికారి, ప్రాంతీయాధికారి యను మెట్లు కలవు. మెట్లున్నవే కాని నడక మందము. ఖాళీ వచ్చినపుడే మెట్టు. ఖాళీ రానియెడల ఎంతటి నేర్పరియైనను ఉన్నచోటనే ఉండవలసినవాడు. నేర్చినవానికిని నేర్వనివానికిని భేదము చూపని శాఖలో నేర్చుకొనవలెనను కాంక్ష యెంతకాలము నిలుచును? ఇక నన్నిటికంటె పైమెట్టు, అనగా శాఖాధిపత్యము, సామాన్యముగ పోలీసు ఉన్నతోద్యోగులకే దక్కుచున్నది. నిప్పులో ముప్పది యేండ్లు గడపినవాడు తన వృత్తికి తానధిపతి కాజాలడను మాట, నిన్న చేరిన ఫైర్‌మన్‌కును తెలియును.

మేము పోలీసు అధికారులను నిందించుట లేదు. వారిలో పలువురు ఈ శాఖకు వచ్చి, క్రమశిక్షణమును, ప్రభుత్వమునొద్ద పలుకుబడిని తెచ్చి, మేలు చేసియుండవచ్చును. సచివాలయమున తలుపు తట్టినపుడు ఎవ్వరికి తెఱచుదురో మన మెఱుగనిది కాదు. కాని పోలీసుశాఖనుండి వచ్చిన అధికారి కొలదికాలమునకే మఱియొక పదవికి పోవును. శాఖలోని రహస్యములు తెలియునప్పటికి బదిలీ యుత్తరువు వచ్చును. వచ్చిన ప్రతివాడును మొదటినుండి నేర్చుకొనవలెను. పోయిన ప్రతివాడును నేర్చినదానిని వెంటగొనిపోవును. ఆసుపత్రికి వైద్యుడు కానివానిని ప్రధానవైద్యునిగ నియమించిన, రోగు లొప్పుకొందురా? నిప్పు విషయమున మాత్రమేల యొప్పుకొనవలెను?

ముంబయినగరమును చూడుడు. అచ్చటి దళమునకు అందులోనే పెరిగిన యధికారులు ప్రధానాధికారులగుచున్నారు. 2015వ సంవత్సరము మే 9వ తేదీన కాల్బాదేవిలోని పాతభవనమున నిప్పు చెలరేగినపుడు, ప్రధానాధికారి సునీల్ నేస్రీకర్ తన యధికారులతో స్వయముగ లోపలికి పోయెను. భవనము కూలెను. ఆయనతో కలిపి నలుగురు అధికారులు ప్రాణము లర్పించిరి. అట్టి నాయకుని వెంట ఏ ఫైర్‌మన్ వెనుదీయును? ఆ శౌర్యమునకు చేతులు జోడించుచునే, అందలి రెండవ పాఠమును గూడ నేర్వవలెను. దళమునకు శిరస్సులైన వారందఱు నొక్కచోట ప్రమాదమున చిక్కుకొనకుండుటయు, పాతభవనము కూలుసూచనలను కనిపెట్టి అందఱను వెలుపలికి రప్పించుటయు నాయకత్వమున అంతర్భాగములే. వీరమరణమును పొగడుట సులభము. వీరులు ఇల్లు చేరునట్లు చూచుట అంతకంటె గొప్ప పని.

మా వాదమునకు ఒక యాక్షేపణ కలదు. శాఖలోనివారు నిప్పునార్ప నేర్చినవారే కాని, వేలమంది ఉద్యోగులను, కోట్ల రూపాయల బడ్జెటును, శాసనవ్యవహారములను నడుపనేర్చినవారు కారని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో కొంత నిజమున్నది. కాని ఆ నిజము ఎవ్వరి నేరమును చాటుచున్నది? నేర్పనివారి నేరమునా, నేర్వనివారి నేరమునా? ఈదనేర్చువఱకు నీటిలో దిగరాదన్నచో ఎవ్వడును ఈతగాడు కాడు. స్టేషను అధికారికి లెక్కలు, జిల్లా అధికారికి శాసనము, ప్రాంతీయాధికారికి పరిపాలనము నేర్పుచు వచ్చినయెడల, పదిపండ్రెండేండ్లలో ఆధిపత్యమునకు తగినవారు పలువురు సిద్ధమగుదురు. నేడు మొదలుపెట్టనియెడల పదేండ్ల తరువాతను ఈ యాక్షేపణనే వినుచుందుము.

కావున ప్రభుత్వములకు మేము కొన్ని సూచనలు చేయుచున్నాము. మొదటిది: ఫైర్‌మన్‌గ చేరినవానికి శాఖాధిపత్యమువఱకు మార్గము తెఱచియుండవలెను. ప్రతి మెట్టుకును పరీక్షయు, శిక్షణమును నియమించి, ఉత్తీర్ణుడైనవానికి నిర్ణీతకాలములో పదోన్నతి లభించునట్లు చేయవలెను. సేవాకాలమునకు గౌరవముండవలెను, కాని అది యొక్కటే కొలబద్ద కారాదు.

రెండవది: శిక్షణాలయములను నిండుగ వినియోగింపవలెను. కేంద్రప్రభుత్వము 1956లో స్థాపించిన జాతీయ అగ్నిమాపక కళాశాల నాగపూరులో కలదు. అధికారులకు శిక్షణమును, అగ్నిమాపక ఇంజనీరింగు పట్టవిద్యయు అచ్చట లభించుచున్నవి. భారతదేశపు ప్రప్రథమ మహిళా అగ్నిమాపకాధికారియని పేరందిన హర్షిణీ కన్హేకర్ ఆ కళాశాల విద్యార్థినియే. తెలంగాణములో వట్టినాగులపల్లి శిక్షణాలయము కలదు. ఉద్యోగమున చేరినపుడు కొన్ని నెలలు నేర్పి, అటుపై ముప్పదియేండ్లు నేర్పకుండుట శిక్షణము కాదు. కొన్ని సంవత్సరముల కొకమాఱు ప్రతి ఫైర్‌మన్‌ను, ప్రతి యధికారిని మరల రప్పించి, నిజమైన మంటయందు, నిజమైన పొగయందు అభ్యాసము చేయించవలెను. అధికారులు తమ దళముతో కలిసియే అభ్యసింపవలెను. మాన్ గల్చ్ లోయలో పదుమూడు ప్రాణములు పోయి నేర్పిన పాఠమిదియే.

మూడవది: ప్రతి పెద్ద ప్రమాదము తరువాతను, నేరవిచారణతో సంబంధములేని వృత్తివిచారణ యొకటి జరుగవలెను. పిలుపు వచ్చిన దెప్పుడు, చేరిన దెప్పుడు, నీరు దొరకిన దెక్కడ, ఆజ్ఞలిచ్చిన దెవ్వరు, తప్పిన దేది, ఫలించిన దేది యను విషయములు వ్రాసి ప్రకటింపవలెను. నేడు జరుగుచున్న దేమి? ప్రమాదము జరిగిన దినమున మంత్రుల పరామర్శ, మఱునాడు నష్టపరిహారము, మూడవనాడు దుకాణయజమానిపై కేసు. నాల్గవనాటికి పత్రికలును మఱచును. మేమును అందులకు మినహాయింపని చెప్పుకొనజాలము. ఫలితముగ హైదరాబాదులో నేర్చినది విజయవాడకు చేరదు. విశాఖలో నేర్చినది విశాఖలోనే మాసిపోవును.

నాలుగవది: అగ్నిస్థలమున అగ్నిమాపకాధికారి మాటయే చెల్లవలెను. విద్యుచ్ఛక్తి ఆపుటకును, జనమును తొలగించుటకును, ప్రక్కగోడ పగులగొట్టుటకును ఆతడు అడిగిన తక్షణమే సంబంధించిన శాఖలవారు తోడ్పడవలెను. పరామర్శకు వచ్చు పెద్దలు, వారి కార్లు, వారి పరివారము ఇంజనులకు దారి మూయరాదు. ఈ విషయమును ముందే వ్రాసియుంచి, సంవత్సరమున కొకసారియైన అన్ని శాఖలవారిని కూర్చి అభ్యసింపవలెను. బొంబాయిలోవలె నిప్పు మండుచుండగా పెత్తనమునుగూర్చి చర్చింపరాదు.

ఐదవది: ఏ సంవత్సరమునుండి శాఖాధిపతి వృత్తిలోనుండియే రావలెనో ప్రభుత్వములు ఇప్పుడే తేదీ ప్రకటింపవలెను. అంతవఱకు, పోలీసు అధికారి పైనున్నను, సాంకేతిక విషయములందు తుదిమాట అగ్నిమాపకవృత్తిలో పెరిగిన యధికారిదిగ నుండవలెను. తేదీ లేని వాగ్దానము నీటిపై వ్రాత.

ఇక చదువరులతో ఒక మాట. మనలో పలువురు భూస్వాములు, గృహయజమానులు, వ్యాపారులు. అగ్నిమాపకాధికారి తనిఖీకి వచ్చినపుడు ఆతనిని విఘ్నకారునిగ చూచువార మెందఱము? మెట్లక్రింద సరకు పేర్చి, వెనుకతలుపునకు తాళమువేసి, అనుమతిపత్రమును పలుకుబడిచేతనో పైకముచేతనో సంపాదించుట తెలివియని భావించువార మెందఱము? నిక్కచ్చిగ నుండిన అధికారిపై ఫిర్యాదు చేసి, ఆతనిని బదిలీ చేయించిన నాడు మనము ఒక నాయకుని చంపినవారమే. నిప్పు నార్పునపుడు చూపు నాయకత్వమునకంటె, నిప్పు పుట్టకుండ ధనవంతునితో కాదనగలుగు నాయకత్వము కఠినము. అట్టివానికి అండగ నిలుచుట పౌరుల వంతు. గ్రామములలో పత్తిగోదాములు, మిరప నిలువలు, ధాన్యపు మిల్లులు గల ఆసాములు తమ పనివారిని దగ్గఱ స్టేషనుకు పంపి మొదటి పదినిమిషములలో చేయవలసినది నేర్పించుకొన్నచో, ఇంజను చేరువఱకు ఊరు నిస్సహాయముగ చూచుచు నిలువనక్కఱ లేదు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లని మనవారి సామెత. నీటికి బావి యెట్లో, దళమునకు నాయకు డట్టివాడు. ఒక్క దినమున త్రవ్వబడువాడు కాడు. ఏండ్లకొలది శిక్షణము, అనుభవము, గౌరవము ఊరి ఊరి చేరవలెను. యంత్రముల కొఱకు ధనము మంజూరైన యీ కాలముననే మనుష్యులను తీర్చిదిద్దు ప్రయత్నమునకు పూనుకొనవలసినదని ఉభయ ప్రభుత్వములను హెచ్చరించుచున్నాము. రాబోవు ఏప్రిలు 14వ తేదీన పూలమాలలు వేయుటకు ముందు, మంత్రులు ఈ సూచనలలో నొక్కదానినైన ఉత్తరువుగ వెలువరింతురుగాక. ఆ 66 మందికి అదియే తగిన శ్రద్ధాంజలి.